మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఖర్చుకు డబ్బు ఎలా తీసుకోవచ్చు, ఎలా తీసుకోకూడదు: చిన్న సర్వర్ల నిర్వాహకులకు మార్గదర్శి

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ (కంప్యూటర్‌లో ఆడే రూపం) సర్వర్‌ను మొదటిసారి సొంతంగా నడపబోయిన ప్రతి ఒక్కరికీ ఒక అనుభవం ఉంటుంది. సర్వర్ ఫైలును రన్ చేయగానే అది కొద్ది క్షణాల్లోనే ఆగిపోతుంది. ఫోల్డర్‌లో ఈయూఎల్ఏ (వినియోగదారు లైసెన్సు ఒప్పందం) అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఒకటి కొత్తగా కనిపిస్తుంది. అందులో ‘ఫాల్స్’ అని ఉన్నచోట ‘ట్రూ’ అని రాసి సేవ్ చేస్తే తప్ప సర్వర్ పైకి లేవదు. 2014 జూన్‌లో వచ్చిన 1.7.10 వెర్షన్ నుంచి ఈ పద్ధతి అమలులో ఉంది. ఆ ఒక్క మాట మార్చడమంటే ఆటను తయారుచేసిన మొజాంగ్ సంస్థ లైసెన్సు ఒప్పందాన్ని చదివి, అంగీకరించి, సంతకం పెట్టడమే. అయినా ఎక్కువమంది దాన్ని చదవకుండానే పెడతారు. సర్వర్ అద్దె కట్టడానికి డబ్బు చాలక ర్యాంకులు (అదనపు సౌకర్యాలున్న హోదాలు) అమ్మడం మొదలుపెట్టిన రోజున, ఆ సంతకం తమను దేనికి కట్టిపడేసిందో వారికి తెలిసి ఉండదు.

ఇరవై, ముప్పై మంది ఆడుకునే చిన్న సర్వర్‌ను ఆ ఒప్పందానికి లోబడి, అద్దె ఆగిపోకుండా ఎలా నడపాలో చెప్పడానికే ఈ వ్యాసం. ఇందులో చెప్పేదంతా ప్రధానంగా జావా ఎడిషన్‌కు సంబంధించినది. ఫోన్లు, కన్సోళ్లలో కూడా ఆడే బెడ్‌రాక్ ఎడిషన్ మెనూలో కనిపించే భాగస్వామ్య సర్వర్లకు మైక్రోసాఫ్ట్‌తో వేరే ఒప్పందాలు ఉంటాయి గనుక, వాటిని చూసి ‘వాళ్లు చేస్తున్నారు కదా’ అని మనం అనుకరించకూడదు.

నియమం ఎక్కడ నుంచి వచ్చింది

2014 వరకు లైసెన్సు ఒప్పందం ఆట ద్వారా డబ్బు సంపాదించడాన్ని దాదాపు పూర్తిగా నిషేధించినా, ఆచరణలో ఎవరూ పట్టించుకోలేదు. వజ్రపు కత్తులు, కవచాలు, ఎగిరే శక్తి, ఇతరులను సర్వర్ నుంచి గెంటేసే అధికారం కూడా అమ్ముడుపోయేవి. పిల్లలు ఏదో ఒక సర్వర్‌లో వంద డాలర్లు ఖర్చుపెట్టేవారు. ఆ డబ్బు తిరిగి ఇప్పించమని తల్లిదండ్రులు ఆ సర్వర్‌తో ఏ సంబంధమూ లేని మొజాంగ్‌కు ఉత్తరాలు రాసేవారు. సంస్థ స్థాపకుడు మార్కస్ పెర్సన్ 2014 జూన్‌లో ఈ సంగతిని బహిరంగంగానే రాశారు. అదే నెలలో మొజాంగ్ సర్వర్ల ఆదాయంపై స్పష్టమైన నియమాలు ప్రకటించి, వాటికి అనుగుణంగా మారడానికి ఆగస్టు 1 వరకు గడువిచ్చింది. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు మొజాంగ్‌ను కొన్నది. యాజమాన్యం మారినా నియమాల మూలసూత్రం మారలేదు.

ఆ మూలసూత్రాన్ని మన వినాయక చవితి పందిరితో పోల్చి చూస్తే సులువుగా అర్థమవుతుంది. చందా ఎక్కువ ఇచ్చినవారి పేరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తారు, మైకులో చదువుతారు, వీలైతే శాలువా కప్పుతారు. ప్రసాదం మాత్రం చందా ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ ఒకటే దొన్నెలో పెడతారు. సర్వర్‌లో గౌరవాన్ని అమ్మవచ్చు, అలంకారాన్ని అమ్మవచ్చు, కానీ ఆటను మాత్రం ముక్కలు చేసి అమ్మకూడదు. డబ్బు కట్టినవారు ఒక ఆట, కట్టనివారు వేరొక ఆట ఆడే పరిస్థితి రాకూడదు.

ఈ నియమం చిన్న సర్వర్లకు అన్యాయం చేసిందని కొందరు నిర్వాహకులు ఇప్పటికీ అంటారు. వారి బాధలో నిజం లేకపోలేదు. పెద్ద నెట్‌వర్కులకు టోపీలు, పెంపుడు జంతువులు, రంగురంగుల కణాల విన్యాసాలు తయారుచేసే డిజైనర్లు ఉంటారు, ఒప్పందాన్ని చదివి చెప్పే న్యాయవాదులు కూడా ఉంటారు. ముప్పై మంది సర్వర్‌లో అలంకారాలు కొనే ఆసక్తి ఉన్నవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. కాబట్టి భారం సమానంగా పడలేదన్నది ఒప్పుకోవలసిందే. అయినా నియమం తప్పని నేను అనుకోను. చిన్న సర్వర్‌లో ఒకడు డబ్బు పెట్టి ఆటలో అన్నిటికన్నా బలమైన నెథరైట్ కవచం కొంటే ఆ తేడా మిగిలిన ముప్పై మందికీ మరుసటి సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. అటువంటి అమ్మకం చిన్న సర్వర్‌ను నిలబెట్టిన దానికన్నా ఖాళీ చేసిందే ఎక్కువ.

మొదటి పని: అమ్ముతున్నవన్నీ ఒక కాగితం మీద రాయడం

మీ సర్వర్ ఇప్పటికే డబ్బు తీసుకుంటున్నట్లయితే, దుకాణం పేజీని కాకుండా, ఎవరికి ఏ అధికారాలు ఉండాలో నిర్ణయించే పర్మిషన్ల ప్లగిన్‌ను (అనుబంధ ప్రోగ్రామ్‌ను) తెరిచి చూడండి. దుకాణం పేజీలో ‘వీఐపీ ర్యాంకు, 199 రూపాయలు’ అని మాత్రమే ఉంటుంది. ఆ ర్యాంకు నిజంగా ఏమి ఇస్తుందన్నది ప్లగిన్‌లో దాగి ఉంటుంది. లక్‌పెర్మ్స్ అనే పర్మిషన్ల ప్లగిన్ వాడుతున్నవారు దాని వెబ్ ఎడిటర్‌ను తెరిచి, ప్రతి చెల్లింపు గ్రూపుకు ఉన్న పర్మిషన్లన్నిటినీ ఒక పట్టికగా రాసుకోవాలి. ఒక గ్రూపు ఇంకొక గ్రూపు నుంచి వారసత్వంగా పొందే పర్మిషన్లను మరచిపోవద్దు. మూడేళ్ల క్రితం ఎవరో అడ్మిన్ పరీక్ష కోసం ఇచ్చి తీసేయడం మరచిపోయినవి తరచుగా అక్కడే దొరుకుతాయి. నక్షత్రం గుర్తుతో మొత్తంగా ఇచ్చేసిన పర్మిషన్లు కనిపిస్తే వాటిని విడగొట్టి చూడాలి, ఎందుకంటే ‘కిట్లన్నీ’ అని ఒక్క వరుసలో ఇచ్చినదాని వెనుక వజ్రాల కిట్టు కూడా ఉంటుంది.

తరువాత ఆ పట్టికలోని ఒక్కొక్క వరుసను ఒకే ప్రశ్నతో పరీక్షించండి: ఇది ఉన్నవాడు, లేనివాడు పక్కపక్కన నిలబడి ఆడితే ఉన్నవాడికి పోరాటంలోగాని, సంపాదనలోగాని, నిర్మాణంలోగాని, ప్రయాణంలోగాని ఏమైనా పైచేయి ఉంటుందా? ఉంటే అది అమ్మకూడనిది.

చాట్‌లో పేరు ముందు వచ్చే బిరుదు, పేరు రంగు, నడుస్తుంటే కాళ్ల వెనుక రాలే పూల కణాలు, వెంట తిరిగే చిలుక వంటివి ఈ పరీక్షలో నిలుస్తాయి. అయితే మొజాంగ్ స్వయంగా ఇచ్చే అధికారిక కేప్‌లను (వీపు వెనుక వేలాడే వస్త్రాలను) పోలిన కేప్‌లను అమ్మకూడదని నియమాలు ప్రత్యేకంగా చెబుతాయి. వనరులు సేకరించుకుంటూ బతకవలసిన సర్వైవల్ ప్రపంచంలో ఎగిరే కమాండ్, ఆయుధాల కిట్లు, చనిపోయినా వస్తువులు పోకుండా ఉంచే సౌకర్యం, రెట్టింపు ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), పోగుచేసిన వనరులను ఎక్కువ ధరకు అమ్ముకునే హక్కు వంటివి ఈ పరీక్షలో నిలవవు. చిన్న సర్వర్లలో ఎక్కువగా గొడవ వచ్చేది ‘హోమ్’ల దగ్గర, అంటే ఒక కమాండ్‌తో క్షణంలో చేరగలిగేలా గుర్తుపెట్టుకున్న చోట్ల దగ్గర. మామూలు ఆటగాడికి ఒక హోమ్, వీఐపీకి అయిదు అని ఎసెన్షియల్స్ ప్లగిన్‌లో పెట్టుకోవడం చాలాచోట్ల అలవాటు. ఇది చిన్న సౌకర్యంగానే కనిపిస్తుంది. కానీ గనికీ, పొలానికీ, ఇంటికీ మధ్య క్షణంలో వెళ్లగలిగినవాడు, ప్రతిసారీ నడిచి వెళ్లేవాడికన్నా ముందుంటాడు. అందువల్ల దీన్ని కూడా ఆటను విభజించే అమ్మకంగానే లెక్కించడం మంచిది. భూమిని రక్షించుకునే క్లెయిమ్ బ్లాకులకు కూడా ఇదే వర్తిస్తుంది.

సర్వర్‌లో వాడే నాణేల విషయంలో 2014 నాటి వివరణ సూటిగా ఉంది. ఆటలో సంపాదించుకునే నాణేలకు అభ్యంతరం లేదు, వాటిని అసలు డబ్బుకు అమ్మడానికి మాత్రం వీలు లేదు. క్రేట్ (బహుమతి పెట్టె) తాళాల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. తాళం కొని పెట్టె తెరిస్తే కత్తి రావచ్చు, కర్ర రావచ్చు అన్న పద్ధతి నియమాన్ని అతిక్రమించడమే కాక, పదేళ్ల పిల్లలకు జూదపు రుచి చూపిస్తుంది. అలంకారాలు మాత్రమే వచ్చే పెట్టెలను కూడా అసలు డబ్బుకు అమ్మవద్దనే నేను సలహా ఇస్తాను. కావలసిన టోపీని సూటిగా ధర పెట్టి అమ్మడంలో ఎవరికీ మోసం లేదు.

ఇప్పటికే కొన్నవారిని ఏం చేయాలి

ఇది అన్నిటికన్నా కష్టమైన భాగం. నియమానికి విరుద్ధమైనదైనా, ఎవరో నమ్మి డబ్బు కట్టారు. మేము మా సర్వర్‌ను సరిచేసినప్పుడు అడ్మిన్ల మధ్య ఎక్కువ వాదన జరిగింది ఈ ఒక్క విషయం మీదే. ‘శాశ్వత వీఐపీ’ అని అమ్మినదాన్ని ఒక రాత్రిలో తీసేయడం మోసమని ఒకరు, ఉంచితే సరిచేయడమే వృథా అని ఇంకొకరు వాదించారు. చివరికి మేము మూడు వారాల ముందు నోటీసు పెట్టాము. ఎగరడం, కిట్లు వంటి సౌకర్యాలను అందరికీ ఒకేసారి తీసేసి, పాత కొనుగోలుదారులకు బిరుదు, పేరు రంగు మాత్రం శాశ్వతంగా ఉంచాము. చివరి నెలలో కొన్నవారికి కోరితే డబ్బు వాపసు ఇచ్చాము. హోమ్‌ల సంఖ్యను తగ్గించకుండా, అందరికీ మూడుకు పెంచాము. తీసేయడానికి బదులు అందరికీ ఇచ్చేయడం అన్న ఈ దారి, కుదిరిన ప్రతిచోటా మంచిది. గొడవ తగ్గుతుంది, నియమమూ నెరవేరుతుంది.

ఈ మార్పును నెలలో మొదటి వారంలో చేయండి. అద్దె కట్టిన వెంటనే మార్పు చేస్తే, కొత్త పద్ధతిలో డబ్బు పోగవడానికి ఇంకా మూడు వారాల వ్యవధి మిగులుతుంది.

డబ్బు తీసుకోదగిన దారులు

చిన్న సర్వర్ లెక్క ఆదాయం దగ్గర కాకుండా ఖర్చు దగ్గర మొదలవాలి. మీ సర్వర్‌కు నెలకు అద్దె, బ్యాకప్ నిల్వ, డొమైన్ పేరు అన్నీ కలిపి 1,500 రూపాయలు అవుతున్నాయని అనుకుందాం. క్రమంగా ఆడేవారు 30 మంది ఉంటే ఒక్కొక్కరి వాటా 50 రూపాయలు. ఈ లెక్క వేసుకున్నాక చూస్తే, ర్యాంకుల దుకాణం పెట్టి, చెల్లింపు గేట్‌వేకు రుసుము ఇచ్చి, ఫిర్యాదులు విని సంపాదించవలసినంత అవసరం చాలా సర్వర్లకు లేదని తెలుస్తుంది. అంతకుముందు అద్దెను కూడా ఒకసారి పరిశీలించండి. పది మంది కూడా ఒకేసారి ఉండని సర్వర్‌కు 16 జీబీ మెమరీ తీసుకోవడం, ఆటగాళ్లంతా తెలుగు రాష్ట్రాలలోనే ఉంటే యూరప్‌లో యంత్రం పెట్టుకోవడం అనవసరం. ముంబైలోనో, 2022 నుంచి అమెజాన్ డేటా సెంటర్లు ఉన్న హైదరాబాద్‌లోనో ఉన్న యంత్రం అయితే పింగ్ (స్పందనలో ఆలస్యం) కూడా బాగా తగ్గుతుంది.

ఖర్చు తేలిన తరువాత మొదటి దారి ప్రవేశ చందా. సర్వర్‌లోకి రావడానికే డబ్బు తీసుకోవచ్చు, కానీ అందరికీ ఒకే సౌకర్యాలు ఉండాలి. వైట్‌లిస్ట్ (అనుమతించినవారి జాబితా) పెట్టుకుని, స్నేహితులూ బంధువులూ మాత్రమే ఆడుకునే సర్వర్‌కు ఇది అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి. అయితే కొత్తవారిని ఆకర్షించాలనుకునే సర్వర్‌కు ఇది పనికిరాదు.

రెండవది విరాళం. విరాళమంటే తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేదే అయి ఉండాలి. ‘డొనేట్’ అన్న బటన్ కింద కిట్ల జాబితా పెడితే అది అమ్మకమే అవుతుంది, పేరు మార్చినంత మాత్రాన స్వభావం మారదు. దాతలకు కృతజ్ఞతలు చెప్పవచ్చు, ఆటగాళ్లు మొదట ప్రత్యక్షమయ్యే స్పాన్ ప్రాంతంలో రాతి ఫలకం మీద పేర్లు చెక్కవచ్చు. విరాళాలు నిలకడగా రావాలంటే నెలనెలా లెక్క చూపడంకన్నా మంచి సాధనం నాకు కనబడలేదు. అద్దె ఎంత, వచ్చింది ఎంత, పోయిన నెల మిగులు ఎంత అన్నది సర్వర్‌లోనే ఒక బోర్డు మీద ప్రతి నెలా ఒకటో తేదీన పెట్టాము. లోటు కనిపించిన నెలలో అడగకుండానే డబ్బు పంపినవారు ఉన్నారు.

మూడవది, ఒకరు చెల్లిస్తే అందరికీ అందే ప్రయోజనం. లక్ష్యం చేరిన నెలలో సర్వర్ మొత్తానికి ఒక వారాంతం రెట్టింపు ఎక్స్‌పీ పెట్టడం ఇందుకు ఉదాహరణ. ఇక్కడ ఆట మారుతుంది, కానీ అందరికీ ఒకేలా మారుతుంది గనుక విభజన రాదు. నాలుగవది అలంకారాల అమ్మకం. ఇందులో ఖర్చుకన్నా శ్రమ ఎక్కువ. పది రకాల కణాల విన్యాసాలకు మించి పెట్టుకోకుండా ఉంటే నిర్వహణ తేలిక. స్థానిక కంప్యూటర్ దుకాణమో, మరొకటో ప్రకటన ఇస్తామంటే వెంటనే ఒప్పుకోవద్దు. ఆటను బ్రాండ్ల ప్రచారానికి వాడడంపై ప్రస్తుత నియమాలలో పరిమితులు ఉన్నాయి కాబట్టి ఆ భాగాన్ని ఆ రోజే చదివి నిర్ణయించండి. ఎన్‌ఎఫ్‌టీలు, బ్లాక్‌చెయిన్ టోకెన్ల విషయంలో సందేహానికి తావు లేదు. వాటికి అనుమతి లేదని మొజాంగ్ 2022 జూలైలోనే ప్రకటించింది.

పేరు, ప్రకటన, రసీదు

సర్వర్ పేరులో ‘మైన్‌క్రాఫ్ట్’ అన్న మాట ప్రధానంగా ఉండకూడదు. ‘గోదావరి క్రాఫ్టర్స్, మైన్‌క్రాఫ్ట్ ఆటగాళ్ల సర్వర్’ వంటి రూపంలో అది రెండవ స్థానంలో ఉంటే ఇబ్బంది లేదు. ఇది అధికారిక మైన్‌క్రాఫ్ట్ సేవ కాదని, మొజాంగ్ లేదా మైక్రోసాఫ్ట్ ఆమోదం గాని, సంబంధం గాని దీనికి లేదని తెలిపే వాక్యం తప్పనిసరి. నియమాలలో ఇచ్చిన ఇంగ్లీషు వాక్యాన్నే యథాతథంగా దుకాణం పేజీ మీద పెట్టి, దాని కింద తెలుగులో అర్థం రాయండి. డబ్బు ఎవరికి చేరుతోంది, సంప్రదించవలసిన ఈమెయిల్ ఏది అన్న సంగతులు కొనుగోలుదారుకు చెల్లించే ముందే కనిపించాలి. ఎవరు ఎప్పుడు ఏమి కొన్నారన్న చరిత్ర వారికి దొరకాలి. టెబెక్స్ వంటి దుకాణ సేవలు ఈ చరిత్రను తామే నిల్వచేస్తాయి. ఫోన్ నంబరుకు నేరుగా యూపీఐ ద్వారా తీసుకునేవారు ఒక స్ప్రెడ్‌షీట్‌లో తేదీ, ఆటగాడి పేరు, మొత్తం, లావాదేవీ సంఖ్య ఆ రోజే రాసుకోవాలి.

మన దేశపు చట్టం అడిగేవి

మొజాంగ్ నియమాలను పాటించినంత మాత్రాన మన చట్టాల బాధ్యత తీరదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మీ ఆటగాళ్లలో ఎక్కువమంది ఆ వయసు వారే. తండ్రి ఫోన్ నుంచి పిల్లవాడు కట్టిన డబ్బును తండ్రి వెనక్కి అడిగితే వాదించకుండా ఇచ్చేయడమే న్యాయం. ఈ మాటను వాపసు విధానంలో ముందే రాసి పెట్టండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వారినే పిల్లలుగా పరిగణించి, వారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి అడుగుతుంది. కాబట్టి ఆటలోని పేరుకు మించి సాధ్యమైనంత తక్కువ సమాచారం తీసుకోండి. పుట్టిన తేదీలు, పాఠశాల పేర్లు అడిగే దరఖాస్తు ఫారాలు మానేయండి.

టోర్నమెంట్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఒక్కొక్కరి నుంచి 100 రూపాయలు పోగుచేసి, గెలిచినవారికి నగదు బహుమతి ఇచ్చే పీవీపీ (ఆటగాళ్ల మధ్య పోరాట) పోటీలు చిన్న సర్వర్లలో సాధారణం. పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాల సవరణలతో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, రుసుము కట్టి డబ్బు గెలుచుకునే ఆశతో ఆడే ఆటలను నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా నిషేధించి, వాటిని నిర్వహించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించింది. గుర్తింపు పొందిన ఈ-స్పోర్ట్స్‌కు మినహాయింపు ఉన్నా, నలుగురు స్నేహితులు నడిపే సర్వర్‌కు ఆ గుర్తింపు ఉన్నట్లు భావించుకోకూడదు. పోటీ పెట్టండి, రుసుము తీసుకోవద్దు, బహుమతిగా బిరుదు ఇవ్వండి. జీఎస్టీ నమోదు సేవల విషయంలో మన రెండు రాష్ట్రాలలోనూ ఏడాదికి 20 లక్షల రూపాయల టర్నోవర్ దాటితేనే గనుక, ఈ పరిమాణంలోని సర్వర్‌కు ఆ బెడద ఉండదు.

ఇతర ఆటల సర్వర్లు నడిపేవారికి

ఒక ఆట నియమాన్ని మరొక ఆటకు అన్వయించకూడదు. జీటీఏ-5 రోల్‌ప్లే సర్వర్లు నడిపే ఫైవ్‌ఎమ్ ప్రోగ్రామ్ వెనుక ఉన్న సంస్థను, ఆ ఆట తయారుచేసిన రాక్‌స్టార్ 2023 ఆగస్టులో కొన్నది. అంతకుముందు 2022లో ప్రకటించిన విధానంలోనే లూట్ బాక్సులు (ఏమి వస్తుందో తెలియకుండా కొనే పెట్టెలు), కాల్పనిక కరెన్సీ అమ్మకం, కార్పొరేట్ స్పాన్సర్‌షిప్, క్రిప్టో ఆస్తులు అన్నిటినీ నిషేధించింది. అక్కడ చెల్లింపులు టెబెక్స్ ద్వారానే తీసుకోవాలి, అంటే మైన్‌క్రాఫ్ట్‌లో కుదిరే నేరు యూపీఐ అక్కడ కుదరదు. కౌంటర్ స్ట్రైక్ సర్వర్లలో ఆటగాళ్ల దగ్గర లేని స్కిన్లను (ఆయుధాల అలంకరణలను) ఉన్నట్లు చూపించే ప్లగిన్లను, ఆ ఆట తయారుచేసిన వాల్వ్ 2015 నుంచి అడ్డుకుంటోంది. సర్వర్ టోకెన్ (సర్వర్‌కు ఇచ్చే గుర్తింపు సంకేతం) వాల్వ్ ఆటల వేదిక అయిన స్టీమ్‌లోని మీ ఖాతాకు ముడిపడి ఉంటుంది గనుక, శిక్ష ఆ టోకెన్ల మీద పడి మీ సర్వర్లన్నిటినీ మూసేయగలదు.

నిరోధిస్తే ఏమవుతుంది

మైన్‌క్రాఫ్ట్‌లో శిక్ష సర్వర్ యంత్రం మీద పడదు. 2016 మే నెలలో వచ్చిన 1.9.3 వెర్షన్ నుంచి ఆట ప్రోగ్రామే మొజాంగ్ నిర్వహించే నిరోధిత సర్వర్ల జాబితాను తెచ్చుకుని సరిచూస్తుంది. జాబితాలో మీ చిరునామా ఉంటే ఆటగాడి కంప్యూటరే కనెక్ట్ కావడానికి నిరాకరిస్తుంది. మీ యంత్రం చక్కగా నడుస్తూనే ఉంటుంది, లాగ్‌లో ఒక్క లోపం కనిపించదు, ఆటగాళ్లు మాత్రం రారు. ఆ జాబితాలో చిరునామాలు ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్‌ల (వెనక్కి మార్చలేని సంకేతాల) రూపంలో ఉంటాయి కాబట్టి చదివితే పేర్లు కనిపించవు. మీ డొమైన్ పేరును చిన్న అక్షరాలలో హ్యాష్ చేసి, దాని ముందు నక్షత్రం, చుక్క ఉన్న రూపాన్ని కూడా హ్యాష్ చేసి జాబితాలో వెతకాలి. దొరికితే కొత్త డొమైన్ కొని తప్పించుకోవాలని చూడకండి. అమ్మకాలను ఆపి, పర్మిషన్ల పట్టికను సరిచేసి, ఏమేమి మార్చారో తేదీలతో సహా రాసి మొజాంగ్‌కు పంపండి. ముందు రాసుకున్న కాగితం, స్ప్రెడ్‌షీట్ అప్పుడు సాక్ష్యంగా పనికివస్తాయి.

నియమాలు మారుతూ ఉంటాయి. 2023 ఆగస్టులో లైసెన్సు ఒప్పందాన్ని, వినియోగ మార్గదర్శకాలను మొజాంగ్ మరోసారి సవరించింది. ప్రతి మూడు నెలలకు ఆ పేజీలను పీడీఎఫ్‌గా సేవ్ చేసి, తేదీ వేసి, సర్వర్ బ్యాకప్‌లతో పాటే భద్రపరచండి. స్పాన్‌లో లెక్కల బోర్డు పక్కన పెట్టడానికి మేము రాసుకున్న నోటీసు ఇది, కావాలంటే యథాతథంగా వాడుకోండి:

‘ఈ సర్వర్ మొజాంగ్‌దీ మైక్రోసాఫ్ట్‌దీ కాదు. మీరు ఇచ్చే డబ్బు సర్వర్ అద్దెకు, డొమైన్‌కు, బ్యాకప్‌కు మాత్రమే ఖర్చవుతుంది. లెక్క ప్రతి నెల ఒకటో తేదీన ఇక్కడ కనిపిస్తుంది. డబ్బు ఇచ్చినవారికి పేరు రంగు, బిరుదు తప్ప ఆటలో అదనంగా ఏమీ రాదు. 18 ఏళ్లలోపు వారు అమ్మానాన్నలను అడిగిన తరువాతే పంపాలి. వారు వద్దంటే డబ్బు తిరిగి ఇస్తాం.’